మేడారం జాతరకు అమ్మే యాటలు: నట్టల మందు, ఇంజక్షన్లు ఎన్ని రోజుల ముందు బంద్ చెయ్యాలె?

ప్రశ్న: నర్సంపేట మంద

నమస్తే అందరికి. 40 మేకపోతులు, 25 పొట్టేళ్లు ఉన్నయి. ఒక్కోటి 22 నుంచి 30 కిలోల దాక తూగుతయి. అన్నీ మేడారం జాతరకు అమ్మేటియే. జాతర బుధవారం మొదలైతది గాని, మొక్కులోళ్లు రెండు మూడు వారాల ముందునుంచే వచ్చి యాటలను పట్టుకపోతరు. కొన్నోళ్లు ఇంటికి తీస్కపొయ్యి మేపరు, అదే రోజు లేకపోతే మర్నాడు కోస్తరు.

ఇప్పుడు చెయ్యాల్సినయి: మందకు మొత్తం నట్టల మందు తాపాలె (ఆల్బెండజోల్ సీసా తెచ్చినం). వానకాలం అంతా చెరువు కట్ట కింద మేసినయి కాబట్టి కార్జపు జలగలకు క్లోసాంటెల్ కూడా తాపుమంటున్నరు. నాలుగైదు పోతులు దగ్గుతున్నయి, వాటికి ఆక్సిటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ వెయ్యాలె. చిటుకు రోగం టీకా బాకీ ఉన్నది. చెవుల్ల, తొడల సందుల పిడుదులు ఉన్నయి.

ఒక దుకాణంల "వారం ఆగితే చాలు" అన్నరు, ఇంకో దుకాణంల "నెల" అన్నరు. ఒక సీసా మీద 28 రోజులు అని ఉంది, ఇంకోదాని మీద అసలు ఏమీ కనిపిస్తలేదు. ఏ మందుకు ఎన్ని రోజులు, ఏది ముందు ఏది వెనక, తెలిసినోళ్లు లెక్కతో చెప్పండి. తినేటోళ్లు దేవుని పేరు మీద తింటరు, మందు కలిసిన కూర పెట్టొద్దు.

జవాబు: పశువైద్యం, మామునూరు దిక్కు

లెక్క ఈ రోజునుంచి ముందుకు కాదు, జాతర నుంచి వెనక్కి వేయాలి. అది కూడా జాతర బుధవారం నుంచి కాదు, మీ మందలో మొట్టమొదటి యాట అమ్ముడుపోయే రోజు నుంచి. మొదటి గిరాకీ జాతరకు 15 రోజుల ముందు వస్తుందనుకోండి. మాంసానికి 28 రోజుల గడువు (చివరి డోసుకు, కోతకు నడుమ ఆగాల్సిన రోజులు) పెట్టుకుంటే 15 + 28 = 43. అంటే జాతరకు 43 రోజుల ముందే చివరి డోసు పడిపోవాలి. ఒకటి రెండు రోజులు వెసులుబాటు ఉంచుకొని 45 అనుకోండి. ఆ తర్వాత మందకు మొత్తంగా ఏ మందూ తాపొద్దు, పొడవొద్దు. మూడు వారాల ముందే అమ్మకం మొదలయ్యేటట్టుంటే 21 + 28 = 49, వెసులుబాటుతో 50 రోజులు.

గడువు చివరి డోసు నుంచి నడుస్తుంది. ఆక్సిటెట్రాసైక్లిన్ మామూలుది మూడు రోజులు వేస్తే మూడో రోజు సూది నాడు సున్నా, మర్నాడు ఒకటి. చాలామంది మొదటి సూది నాటినుంచి లెక్కపెట్టి రెండు రోజులు పోగొట్టుకుంటారు.

ఒక్కో మందు ఒంట్లో ఒక్కో తీరుగా నిలుస్తుంది. మీకు ముఖ్యమైనది క్లోసాంటెల్, అందుకే దాని సంగతి వివరంగా చెబుతున్నా. ఇది రక్తంలోని ప్రొటీన్‌కు గట్టిగా అంటుకుంటుంది. రక్తం తాగే జలగల మీద, కడుపులో ఉండి రక్తం పీల్చే బార్బర్ పోల్ నట్టల మీద పనిచేసేది కూడా ఆ గుణంతోనే. గొర్రె రక్తంలో ఉన్న మందు సగానికి దిగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. తాపినప్పుడు రక్తంలో 100 పాళ్లు ఉంటే రెండు వారాలకు 50, నాలుగు వారాలకు 25, ఎనిమిది వారాలకు 6. 28 రోజులు గడిచినా పావు వంతు రక్తంలోనే ఉంటుంది. జాతర్లో యాటను కోసినప్పుడు రక్తం పారబోయరు, వేపుకుంటారు. కార్జం, బోటి ముందు పొయ్యి మీదికి పోతాయి. అందుకే క్లోసాంటెల్‌కు 28 చాలు అనుకోకండి, మొదటి అమ్మకానికి 60 రోజుల ముందు తాపేయండి. సీసా మీద అంతకన్నా ఎక్కువ ఉంటే అదే పాటించండి.

జలగ మందుకు అసలు అదను కూడా అదే. వానలు వెనకపట్టినాక చెరువు అంచు గడ్డి మీద, నత్తలున్న చోట జలగ పిల్లలు ఎక్కువ ఉంటాయి. దసరా, దీపావళి నడుమ తాపితే జాతర మాఘంలో వస్తుంది కాబట్టి గడువూ తీరుతుంది, పోతులు తేరుకొని కండ పట్టడానికి టైమూ దొరుకుతుంది. జలగ పట్టిన జీవానికి దవడ కింద నీరు దిగి ఉంటే ఆఖరి నెలలో మందు తాపినా జాతర నాటికి బరువు రాదు.

క్లోసాంటెల్ మోతాదు కిలోకు 10 మిల్లీగ్రాములు. ఎక్కువైతే కళ్లు పోతాయి, పోయిన చూపు తిరిగి రాదు. కంటితో చూసి బరువు అంచనా వేయకండి, వేలాడే త్రాసుకు గోతాం కట్టి తూచండి.

ఆల్బెండజోల్ గొర్రెకు కిలోకు 7.5 మిల్లీగ్రాములు. సీసా 2.5 శాతం అయితే ఒక మి.లీ.లో 25 మిల్లీగ్రాములు, 25 కిలోల పొట్టేలుకు 7.5 మి.లీ. అదే 10 శాతం సీసా అయితే 1.9 మి.లీ. రెండు సీసాలూ చూడ్డానికి ఒక్క తీరే ఉంటాయి, శాతం చూడకుండా పాత అలవాటుతో తాపితే నాలుగింతలు పోతుంది. మందు గన్నుతో తాపేటప్పుడు తల మరీ పైకెత్తకండి, ముక్కు కంటి మట్టానికి మించొద్దు. ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ వేయాలి, మళ్లీ 28 రోజులు మొదలు.

ఆక్సిటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్ (మి.లీ.కు 200 మిల్లీగ్రాములది) కిలోకు 20 మిల్లీగ్రాములు, అంటే 10 కిలోలకు 1 మి.లీ. 25 కిలోల పోతుకు 2.5 మి.లీ., కండలోకి లోతుగా. మెడ పక్కన వేయండి, తొడకు వద్దు. ఈ మందు పొడిచిన చోటే గడ్డలా నిలిచి మెల్లగా కరుగుతుంది, కండ గోధుమరంగుకు తిరుగుతుంది. తొడ ముక్కనే చుట్టాలకు పెడతారు. తిండిలో మందు ఎంతకు మించొద్దో చెప్పే అంతర్జాతీయ కోడెక్స్ పరిమితులు చూసినా సంగతి అర్థమవుతుంది: ఈ మందుకు కిలో కండలో 200 మైక్రోగ్రాములు, కార్జంలో 600, గుండెకాయల్లో, అంటే మూత్రపిండాల్లో, 1200. మందు ఎటు పోయి కూర్చుంటుందో ఆ అంకెలే చెబుతున్నాయి.

దగ్గే పోతులకు ఇప్పుడే వైద్యం చేయించండి. గడువుకు భయపడి సగం డోసు వేస్తే రోగం పోదు, మందు మాత్రం ఒంట్లో ఉంటుంది.

జవాబు: పశువుల మందుల దుకాణం, జనగామ

సీసా మీద ఏమీ లేదన్నరు కదా, దాని గురించి. మన దేశంల డ్రగ్స్ రూల్స్ 1945ల 97వ నిబంధనను 2012 జనవరిల మార్చిన్రు. తినే జీవాలకు వాడే మందు లేబుల్ మీద విత్‌డ్రాయల్ గడువు రాయాలె. ఆ మందుకు పరీక్ష చేసి తేల్చిన గడువు లేకపోతే కనీసం ఇట్ల పాటించాలె: పాలకు, గుడ్లకు 7 రోజులు, కోడి, మేక, గొర్రె మాంసానికి 28 రోజులు, కొవ్వు, కార్జం లాంటి లోపలి భాగాలు కూడా అందులనే. "వారం చాలు" అన్న మాట పాల లెక్క నుంచి వచ్చినట్టుంది. యాటకు అది చెల్లదు.

చిన్న అక్షరాలు కనబడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దగ చేసి చూడుండ్రి. డబ్బా లోపల మడత కాగితం ఉంటది, గడువు చాలాసార్లు దానిల్నే ఉంటది. దుకాణంల విప్పిన డబ్బా నుంచి ఒక్క సీసా ఇచ్చినప్పుడు ఆ కాగితం కూడా అడగాలె.

నొప్పుల, జ్వరం సూదుల కాడ ఒక మాట. పశువులకు డైక్లోఫెనాక్ 2006 నుంచి బంద్. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023ల బంద్ అయినయి. మనుషుల సూదిమందు తెచ్చి మేకకు పొడుస్తరు కొందరు, అది చెయ్యొద్దు. ఆ జీవం చచ్చి అడవిల పడితే రాబందు తింటది, దానికి కిడ్నీలు పోతయి. బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకునేటియి, మిగిలిన కొన్నింటిని కాపాడుకోవాలె. జ్వరానికి మెలోక్సికామ్ డాక్టర్ రాస్తే వాడుండ్రి. యూరప్‌ల ఆవు మాంసానికి దానికి 15 రోజులు రాస్తరు, మేకకు మనం 28 పట్టుకోవాలె.

"లావెక్కే సూది" అని డెక్సామెథసోన్ అడుగుతరు జాతర ముందట. అది కండ పెంచదు. ఒంట్ల నీరు పట్టి నిండుగ కనబడతది, రోగం తట్టుకునే శక్తి పడిపోతది. మా కౌంటర్ల అది డాక్టర్ చీటీ లేకుండ ఇయ్యం.

నర్సంపేట మంద

పెద్ద మేలు చేసిన్రు సార్. రెండు అనుమానాలు. అమెరికాల ఆల్బెండజోల్‌కు గొర్రె మాంసానికి 7 రోజులే అని చదివిన. మరి మనం 28 ఎందుకు పట్టుకోవాలె? ఇంకోటి, జాతరకు 12 రోజుల ముందట ఒక పోతుకు జ్వరం వస్తే ఏం చెయ్యాలె? ఇంత ఖరీదు జీవాన్ని మందు లేకుండ చూసుకుంట కూర్చుండలేం కదా.

జవాబు: పశువైద్యం, మామునూరు దిక్కు

7 రోజులు నిజమే, అది ఆ దేశపు లేబుల్. ఆ అంకె మూడింటికి కట్టుబడి ఉంటుంది: ఏ జీవం, ఎంత మోతాదు, ఏ దారిన. గొర్రెకు, కిలోకు 7.5 మిల్లీగ్రాములు, నోటి ద్వారా, ఆ తయారీనే అయితేనే 7. మీ మందలో ఎక్కువ మేకపోతులే. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రకం మందులు మేక ఒంట్లో గొర్రె కన్నా త్వరగా విరిగిపోతాయి, అందుకే డాక్టర్లు మేకకు మోతాదు పెంచి రాస్తారు. మోతాదు పెరిగిందంటే లేబుల్ అంకె రద్దయినట్టే. మీ చేతిలో ఉన్న సీసా మీద ఏముందో అదే మీకు చట్టం, ఇంకో దేశపు సీసా అంకె దీనికి అతకదు.

దారి ఎంత తేడా తెస్తుందో ఐవర్‌మెక్టిన్‌తో చూడండి. అమెరికాలో గొర్రెకు నోటితో తాపే ఐవర్‌మెక్టిన్‌కు 11 రోజులు. అదే మందు ఆవుకు చర్మం కింద పొడిస్తే 35 రోజులు. ఇది కొవ్వులో కలిసిపోయే మందు, చర్మం కింద వేస్తే అక్కడినుంచి బొట్టుబొట్టుగా దిగుతుంది. కొవ్విన పొట్టేలులో ఇంకా నిలుస్తుంది. గజ్జికి, పిడుదులకు ఐవర్‌మెక్టిన్ 1 శాతం సూది వేయాలనుకుంటే (50 కిలోలకు 1 మి.లీ., 25 కిలోల జీవానికి అర మి.లీ.) జలగ మందుతో పాటు ముందే వేయించేయండి, 45 రోజుల గీత దాకా ఆగకండి.

ఒకే పోతుకు రెండు మూడు మందులు పడితే గడువులు కూడొద్దు. దేని గడువు ఆఖరున తీరుతుందో ఆ తారీఖే లెక్క.

12 రోజుల ముందు జ్వరం వస్తే వైద్యం పూర్తిగా చేయించాలి, ఆ పోతును ఈ జాతర అమ్మకం నుంచి తీసేయాలి. వేరే దారి లేదు. రోగం మీదున్న జీవంలో కార్జం, గుండెకాయలు సరిగా పనిచేయవు, నీళ్లు తాగదు, కాబట్టి మందు బయటికి పోవడం ఇంకా ఆలస్యమవుతుంది. లేబుల్ గడువు ఆరోగ్యంగా ఉన్న జీవం మీద తేల్చింది. 65లో రెండు మూడు ఇట్లా ఆగిపోతాయని ముందే లెక్కలో పెట్టుకుంటే చేయి వణకదు. అవి తర్వాత పండుగకో, పెళ్లికో అమ్ముడుపోతాయి. ఇంట్లో కష్టమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఏ మందు వేశారో చీటీ మీద రాయించుకోండి.

ఆ ఖాళీ నెలలో చిన్న ఇబ్బందులకు మందు లేకుండానే చాలా చేయొచ్చు. మక్కలు ఎక్కువ తిని కడుపు ఉబ్బితే 50 మి.లీ. పల్లి నూనె మెల్లగా, పొలమారకుండా తాపండి. పులిసి పడుకుంటే 10 నుంచి 15 గ్రాముల తినే సోడా గ్లాసు నీళ్లలో. పారితే ఉప్పు, చక్కెర నీళ్లు. రక్తంతో పారినా, జ్వరం ఉన్నా డాక్టర్ దగ్గరికే.

చిటుకు టీకా మాట మరిచిపోయాను. జాతర ముందు అందరూ మక్కలు, గింజ పెంచుతారు, చిటుకు రోగం సరిగ్గా బాగా మేసి నిగనిగలాడే పోతునే రాత్రికి రాత్రి కొడుతుంది. ఎన్నడూ టీకా పడని జీవానికి రెండు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, రెండోది పడ్డాక ఇంకో రెండు వారాలకు గానీ బలం రాదు. గింజ పెంచే ముందే ఇది అయిపోవాలి. అమెరికాలో టీకాలకు కూడా కోతకు ముందు 21 రోజులు రాస్తారు. టీకాలో నూనె, పటిక లాంటివి కలిపి ఉంటాయి, వేసిన చోట గడ్డ కడుతుంది. మీ 45 రోజుల గీతకు ముందే రెండు డోసులూ పూర్తయితే ఈ చింత ఉండదు. పారుడు రోగం టీకా పడి మూడేళ్లు దాటకపోతే మళ్లీ వేయనక్కర్లేదు.

జవాబు: పొట్టేళ్ల పెంపకం, భూపాలపల్లి

మందుల లెక్క డాక్టర్ సార్ చెప్పిన్రు. మందల ఎక్కడ తప్పుతదో అది చెప్త. తప్పేది గడువు తెల్వక కాదు, ఏ పోతుకు సూది పడ్డదో మర్చిపొయ్యి.

దగ్గే నాలుగు పోతులకు సూది వేస్తరు, మళ్ల మందల వదుల్తరు. పది రోజులకు దగ్గు పోతది, రంగు ఒక్కటే, కొమ్ములు ఒక్కటే. గిరాకీ వచ్చి "గా నల్లపోతు" అంటడు, అప్పుడు ఎవ్వలకు యాదికి ఉండదు. సూది పడ్డ జీవానికి అప్పుడే కొమ్ముకు ఎర్ర పెయింట్ పూయాలె. నెత్తి వెంట్రుకల మీద పూస్తే రాలిపోతది. చెవి పోగు ఉంటే నంబర్ రాసుకోవాలె. పుస్తకంల ఒక్కో సూదికి ఒక్క లైను: తారీఖు, పోగు నంబర్, బరువు, మందు పేరు, శాతం, ఎన్ని మి.లీ., నోటికా సూదికా, ఆఖరి గడిల "ఈ తారీఖు దాక అమ్మొద్దు". ఆ ఆఖరి గడి సూది వేసిన నాడే నింపాలె. తర్వాత నింపుదామంటే నిండదు. ఇంట్ల మగోళ్లు అంగడికి పోతే ఆడోళ్లు గిరాకీ చూస్తరు, పుస్తకం వాళ్ల చేతికి అందేటట్టు దొడ్డి కాడ్నే పెట్టాలె.

జాతర ముందు అంగడిల ఇంకో పదో ఇరవయ్యో కొని మందల కలుపుతరు. వాటికి ఎవ్వలు ఏం పొడిసిన్రో ఎవ్వలు చెప్పరు. కొన్న రోజే సున్నా అనుకొని 28 రోజులు ఆపాలె, వేరే దొడ్డిల పెట్టాలె. రోగం అంటకుండ ఎట్లయినా రెండు మూడు వారాలు వేరు పెట్టాల్సిందే కదా, అదే ఎడం దీనికీ పనికొస్తది. జాతరకు 28 రోజుల లోపల కొన్నయి ఈ జాతరకు అమ్మకుండుడే మంచిది.

పిడుదుల సంగతి. అమిట్రాజ్ 12.5 శాతంది లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపి పిచికారి చేస్తరు, చెవుల్ల, తోక కింద, తొడ సందుల గుడ్డతోని అద్దుతరు. కండ్లల పడొద్దు, ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు చెయ్యొద్దు. ఇది పైమందే కదా, మాంసానికి ఏమైతదని అనుకోవద్దు. మన దిక్కు యాటను తోలు ఒలువకుండ బొచ్చు కాల్చి, పసుపు రాసి, తోలుతోనే వండుకుంటరు. పైన కొట్టిన మందు ఆ తోలు మీదనే ఉంటది. కాబట్టి దీన్ని కూడా 45 రోజుల గీతకు ముందటనే ముగించుండ్రి. పిడుదులు దొడ్డి గోడల పగుళ్లల్ల, రాళ్ల సందుల గుడ్లు పెడ్తయి. జీవాలు మేతకు పోయినప్పుడు దొడ్డిని గీకి, ఎరువు ఎత్తి, పగుళ్లకు సున్నం కొట్టాలె. అది చెయ్యకపోతే మూడు వారాలల్ల మళ్ల ఎక్కుతయి, మళ్ల మందు చల్లాల్సి వస్తది, అప్పటికి గీత దాటిపోతది.

ఒక్కటి జాగ్రత్త, బర్రెల మినరల్ మిక్చర్ పొట్టేళ్లకు పెట్టొద్దు. దానిల రాగి ఎక్కువ ఉంటది, గొర్రె తట్టుకోదు, ఎర్ర మూత్రం పోసి పడ్తది. గొర్రెలకు వేరే మిక్చర్ దొరుకుతది.

నర్సంపేట మంద

లెక్క వేసుకున్నం. మొదటి అమ్మకం జాతరకు 20 రోజుల ముందు అనుకొని: 80 రోజుల ముందు క్లోసాంటెల్, తూచి తాపుడు. 70 రోజుల కాడ ఆల్బెండజోల్, చిటుకు మొదటి టీకా. 56 రోజుల కాడ రెండో టీకా, అమిట్రాజ్ పిచికారి. దగ్గే పోతులకు రేపే మెడకు సూది, కొమ్ముకు ఎర్ర పెయింట్. 50 రోజుల నుంచి బంద్. రెండు మందులు ఒక్కసారే తాపొచ్చునా, వారం ఎడం ఉండాల్నా?

జవాబు: పశువైద్యం, మామునూరు దిక్కు

సరిగా ఉంది. మీరు పెట్టుకున్న పది రోజుల ఎడం మంచిదే, ఒక మందు పడకపోతే ఏదని తెలుస్తుంది. ఒక్క సవరణ: క్లోసాంటెల్ తాపే నాటికి పోతులు సగటున 24 కిలోలు ఉంటే, పది రోజులకు ఆల్బెండజోల్ తాపేటప్పుడు మళ్లీ తూచండి, పాత బరువు మీద తాపకండి. తక్కువ పడితే నట్టలు చావవు, మిగిలినవి మందుకు అలవాటు పడతాయి. తాపిన పది, పన్నెండు రోజులకు ఐదారు జీవాల పెంటికలు వేర్వేరు కవర్లలో దగ్గరి పశువుల దవాఖానకో, మామునూరు పశువైద్య కళాశాలకో తీసుకెళ్లి చూపించండి. గుడ్లు ఇంకా కనబడితే వేరే రకం మందు రాయించుకోండి. మీ గీతకు ఇంకా ఎనిమిది, పది రోజులు మిగిలి ఉంటాయి, అది పడాల్సింది ఆ లోపలే.